గోపురం కింద దారి

హాక్స్‌లింగ్, నార్ఫోక్ సీమ
మట్టల ఆదివారం మర్నాడు

మరిది గెర్వాస్‌కి,

నార్విచ్‌లో నీ పూజలూ నీ పొట్టా రెండూ సవ్యంగా నడుస్తున్నాయని తలుస్తాను. నేను సంతోషంగా ఉన్నాను. నీ అన్నయ్య పోయాక ఈ మాట రాయడం ఇదే మొదటిసారి, కాబట్టి కూర్చుని చదువు.

వైమండ్ క్రేక్ మన చర్చికి గంటగోపురం కట్టిస్తున్న సంగతి నీకు తెలుసు. ముత్తాతల నాటి గుండ్రటి బురుజు పడగొట్టించాడు. ఉన్ని బట్టల్లో గడించిందంతా ఆకాశానికెత్తి చూపించాలిగా మరి. పొరుగూరు బ్రేవెల్ గోపురం కంటే తనది పెద్దదిగా ఉండాలని మేస్త్రీ హ్యూని అక్కడికి పంపి, ఆ గోపురం చుట్టూ తాడు వేయించాడు. ఆ తాడుకి ఇంకో రెండు మూరలు కలిపి తెచ్చి మన చర్చి పడమటి గోడ దగ్గర పరిచారు. బ్రేవెల్ గోపురాన్ని కొలిచారే గానీ మన చర్చి ఆవరణని కొలిచినవాడు లేడు. చలి ముదిరేలోగా చెకుముకి రాళ్ళూ సున్నమూ వేసి నడుమెత్తు గోడ లేపారు. మంచుకి సున్నం పగలకుండా పైన గడ్డి కప్పి వదిలేశారు. చలికాలమంతా ఊరేగింపులు చర్చి లోపలే తిరిగాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

నిన్న మట్టల ఆదివారం. ముందు వెండి సిలువ, దాని వెనక ఎర్ర అంగీలో ఫాదర్ పియర్స్, ఆయన వెనక విల్లో కొమ్మలు పట్టుకుని ఊరు ఊరంతా పాడుకుంటూ, ఉత్తరం వైపు నుంచి చుట్టి పడమటికి వచ్చారు. వచ్చి ఆగిపోయారు. ఒక పక్క కొత్త గోడ, దాన్ని ఒరుసుకుంటూ నా ముళ్ళ కంచె. మధ్యలో పిల్లి కూడా దూరదు.

“ఆగారేం ఫాదర్?”

“దారి లేదు.”

“ఏటా ఉండేదిగా!”

“ఏటా ఈ గోడ లేదుగా!” అన్నాడు ఫాదర్ పియర్స్. వెనకాలవాళ్ళకి ఇదేమీ తెలియక పాడుకుంటూనే తోసుకొచ్చారు. ఎవరి కొవ్వొత్తో తగిలి రొట్టెలావిడ ముసుగు కమిలింది. ఆవిడ తిట్లు పాటలో కలిసిపోయాయి.

ఊరేగింపు దీవించిన నేల దాటి అడుగు పెట్టకూడదు. కంచె ఇవతలున్న నా నేల చీలిక దీవించిన నేల కాదు. అది నీకూ నాకూ తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. నేను కంచె ఇవతల నా బాతులతో నిలబడి చూస్తున్నాను. క్రేక్ ముందుకొచ్చాడు.

“అవిస్, ఇవాళ్టికి కంచె తియ్యి. దేవుడు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. రేపు ఈ చీలిక నేను కొనేసుకుంటా, బిషప్ వచ్చి దీవిస్తాడు. ధర ఎంతో చెప్పు.”

“ఇప్పుడే చెబుతా, అందరూ ఉన్నారుగా. ‘అవిస్ భర్త రీనల్డ్ మీద నేను అబద్ధ ప్రమాణం చేశాను’ అని చర్చిలో జనం ముందు ఒక్కసారి అను. చీలిక మొత్తం రాసిచ్చేస్తా. ఒక్క పెన్నీ వద్దు.”

పాట ఆగిపోయింది. క్రేక్ మెడ దాకా ఎర్రబడ్డాడు. “నేను చూసిందే చెప్పాను,” అన్నాడు. ఎవరూ అడగకుండానే మళ్ళీ అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. చివరికి సిలువ వెనక్కి తిరిగింది. మట్టల ఆదివారం ఊరేగింపు వచ్చిన దారినే పోవడం మన ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ చూడలేదు.

గెర్వాస్, అతనికి నా చీలిక కావాలి. నాకు అతని నోటి నుంచి ఒక్క మాట కావాలి. ఎవరికి ముందు ఆకలేస్తుందో చూద్దాం.

నీ వదిన,
అవిస్


నార్విచ్
ఈస్టర్ తర్వాత వారం

వదినగారికి,

మీ ఉత్తరం చదివి నవ్వాను. తర్వాత రాత్రి నిద్ర పట్టలేదు.

మన గాయం నేను మరిచిపోయానని మీరనుకోకండి. మిల్లు కాలవ నీళ్ళ దగ్గర అన్నయ్య క్రేక్‌కి ఎదురు తిరిగాడు. ఆ ఏడే చర్చి వెండి గిన్నె పోయింది. చర్చి పెద్దగా క్రేక్ సువార్త మీద చెయ్యి పెట్టి, దాన్ని రీనల్డ్ చేతిలో చూశానన్నాడు. తియ్యని గిన్నెని తీశానని ఒప్పుకోనందుకు అన్నయ్యని వెలి వేశారు. వెలిలో ఉండగానే జ్వరం వచ్చి పోయాడు. వెలిపడ్డవాడికి చర్చి ఆవరణలో చోటు లేదన్నారు. మీరూ నేనూ కలిసి తవ్వాం, ఆ కంచె పక్కనే, చర్చికి ఎంత దగ్గరగా కుదిరితే అంత దగ్గరగా. పాదిరినై ఉండి కూడా ఆ గుంట మీద నేను ఒక్క ప్రార్థన గట్టిగా చెప్పలేకపోయాను.

అందుకే అడుగుతున్నాను. చీలిక ఇచ్చెయ్యండి. బిషప్ వచ్చి దీవిస్తే ఆ నేల మొత్తం పవిత్రమవుతుంది, అందులో ఉన్నవాళ్ళతో సహా. ఎవరూ ఏమీ ఒప్పుకోనక్కర్లేదు, చర్చి న్యాయస్థానం గుమ్మం తొక్కనక్కర్లేదు. ప్రతి ఆదివారం ఊరేగింపు అన్నయ్య పక్కనుంచి పాడుకుంటూ వెళ్తుంది. వెలి ఎత్తెయ్యమని ఇన్నేళ్ళుగా నేను పెట్టిన అర్జీలు సాధించనిది మీ సంతకం ఒక్కటి సాధిస్తుంది.

గోపురానికి పడమటి ద్వారం పెట్టి, రెండు వైపులా తన వ్యాపార ముద్ర చెక్కించి, లోపల రాతి కమాను కింద పాలరాతి సమాధి కట్టించుకోవాలని క్రేక్ ఆశ. ఆ ద్వారం తెరుచుకోవాలన్నా మీ చీలికే కావాలి. కట్టించుకోనివ్వండి వదినా. రాయి గురించి అతను చూసుకుంటాడు, ఆత్మ గురించి మనం చూసుకుందాం. ఒక అబద్ధాలకోరు నోటి మాట కోసం అన్నయ్యని ఇంకా బయటే పడుకోబెడతారా?

మీ మరిది,
గెర్వాస్


హాక్స్‌లింగ్
సెయింట్ జాన్ పండుగ తర్వాత

మరిదికి,

బయట పడుకోబెట్టింది నేనా?

దొడ్డిదారిన లోపలికి రావడానికి నీ అన్నయ్య ఏం తప్పు చేశాడు? గిన్నె తీసినవాడైతే దొడ్డిదారి చాలు, తల వంచుకుని దూరతాడు. తియ్యనివాడు తల ఎత్తుకునే రావాలి. ఊరంతా ఇప్పటికీ ‘పాపం రీనల్డ్, ఎందుకు తీశాడో’ అంటున్నారు. ఆ ‘పాపం’ అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నేల దీవిస్తే ఆ మాట పోదు. క్రేక్ నోరు విప్పితేనే పోతుంది.

ఇక గోపురం కబురు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. క్రేక్ మొదట ఫాదర్ పియర్స్‌ని పంపాడు, తర్వాత పాలిచ్చే ఆవుని పంపాడు, ఆ తర్వాత పెళ్ళాన్నే పంపాడు. ఆవు ఒక్కటే మర్యాదగా ప్రవర్తించింది. ముగ్గురినీ తిప్పి పంపాను. చివరికి మేస్త్రీ హ్యూ ఒక ఉపాయం చెప్పాడు. గోపురం అడుగున ఉత్తరం వైపు ఒక కమాను, దక్షిణం వైపు ఒక కమాను పెట్టి మధ్యలో దారి వదిలెయ్యడం. ఊరేగింపు గోపురం కడుపులోంచి దూరి అవతలికి వెళ్తుంది, నా నేల తొక్కక్కర్లేదు. క్రేక్ మింగలేక కక్కలేక ఒప్పుకున్నాడు.

ఒప్పుకున్నాడు కదా, ఏమేం పోయాయో విను. పాలరాతి సమాధి కట్టుకోవాలన్న చోటు ఇప్పుడు అందరూ నడిచే దారి. పడమటి ద్వారం ఎందుకు, తెరిస్తే నా బాతుల్లోకి తెరుచుకుంటుంది, అందుకని మూసి కట్టేశారు. ‘వైమండ్ క్రేక్ ఆత్మ కోసం ప్రార్థించండి’ అని తెల్లరాయిలో నల్ల చెకుముకి పొదిగి రాయించిన అక్షరాలు మాత్రం అప్పటికే పడమటి గోడలో ఇమిడిపోయాయి. అవి నా చీలికలో నిలబడితే తప్ప కనపడవు. కాబట్టి వాటిని చదివేది నేనూ, నా రెండు బాతులూ. మేం ముగ్గురం పూటపూటా చదువుతున్నాం, ప్రార్థన మాత్రం రావడం లేదు.

ఇంకో సంగతి. పునాది మట్టి దక్షిణం వాకిట్లో గుట్టగా పడి జనం కాళ్ళకి అడ్డం వస్తోంది. పోసుకోవడానికి చోటు కావాలని హ్యూ అడిగితే, నా చీలికలో పొయ్యమన్నాను, బండి కూలి క్రేక్‌దే అన్నాను. క్రేక్ సంతోషంగా తోలించాడు. పిచ్చిమొహం, ఏ మట్టి తోలిస్తున్నాడో ఆలోచించలేదు. ముత్తాతల నాటి నుంచి దీవెనలో నానిన చర్చి మట్టి అది. నీ అన్నయ్య మీద దుప్పటిలా పరిచి, నేనే పారతో సర్దాను. అటు గోపురం లోపల పడ్డ గొయ్యి నింపడానికి క్రేక్ తన మిల్లు కాలవ కంకర తెప్పించి కుమ్మరించాడు.

అవిస్


నార్విచ్
సెయింట్ లారెన్స్ పండుగ

వదినగారికి,

మట్టి సంగతి చదివి మా పెద్దాయన ఒకరిని అడిగాను, ఎవరి గురించో చెప్పకుండా. దీవెన బండెక్కి రాదట. నేల ఉన్నచోట దీవిస్తేనే నేల పవిత్రం. తవ్వి తీసుకుపోతే అది ఉత్త మట్టే. మీ మనసు కష్టపెట్టాలని కాదు, తప్పుడు ధైర్యంతో ఉండకూడదని రాస్తున్నాను.

క్రేక్ గోపురాన్ని తొందరపెడుతున్నాడని విన్నాను. చెకుముకి రాయి తడి పీల్చదు, సున్నం ఆరడానికి నెలలు పడుతుంది, వేసవికి పది అడుగుల కంటే లేపకూడదని హ్యూ మొత్తుకుంటున్నాడట. క్రేక్‌కి దగ్గు. శిఖరం చూస్తానో లేదో అని భయం. భయపడ్డ మనిషి మెత్తబడతాడు వదినా. ఇంకోసారి ఆలోచించండి.

గెర్వాస్


హాక్స్‌లింగ్
సెయింట్ మైకేల్ పండుగ మర్నాడు

పూజ్యులు ఫాదర్ గెర్వాస్ గారికి,

తమరికి క్రేక్ దగ్గు సంగతి ఎలా తెలిసిందా అని ఆలోచిస్తూ ఉన్నాను. పాలరాతి సమాధి మాట నేను రాయకముందే తమరికి ఎలా తెలిసిందా అని కూడా ఆలోచిస్తే బావుండేది. నాది మందబుద్ధి.

నిన్న సంతలో క్రేక్ వంటమనిషి చెప్పింది. తమరు ఈ ఏడు రెండుసార్లు ఆయన ఇంట్లో భోజనం చేశారట. మలుగు చేప వేసి కాల్చిన రొట్టె తమరికి బాగా నచ్చిందట. ఆయన చనిపోయాక ఆయన ఆత్మ కోసం రోజూ పూజ చెప్పడానికి ఒక పాదిరిని జీవితాంతం జీతమిచ్చి పెట్టుకుంటారట, ఆ పాదిరి తమరేనట. మా ఇంటి ముందునుంచే గుర్రం మీద వెళ్ళి ఉంటారు. నీళ్ళకి కూడా ఆగలేదు.

తమరి అన్నగారి సమాధి తవ్వినప్పుడు తమరి అరచేతులు బొబ్బలెక్కాయి. కట్టు కట్టింది నేను. ఆ చేతులతో ఆ బల్ల మీద ఎలా తిన్నారు?

తమరు సమాధానం రాయనక్కర్లేదు.

అవిస్, రీనల్డ్ భార్య


నార్విచ్
సకల పునీతుల పండుగ

వదినా,

రాయొద్దన్నారు, రాస్తున్నాను. ‘తమరు’ అన్న మాట ఉత్తరంలో చూసినప్పుడు చెంప మీద కొట్టినట్టయింది. మీరు కొట్టాలనే రాశారు, తగిలింది.

తిన్నాను. పిలిచాడు, వెళ్ళాను. పూజలు చెప్పే ఉద్యోగం ఇస్తానన్నాడు, కాదనలేదు. మీకు చెబితే వెళ్ళనివ్వరని చెప్పలేదు. ఒక్క మనిషి నాతో ఒంటరిగా, బీరు తాగి, మంట ముందు కూర్చుంటే ఏదో ఒక మాట జారుతుందని నా ఆశ. రెండో భోజనానికి జారింది.

“చూడు ఫాదర్, రాత్రుళ్ళు పడుకుంటే ఆ గిన్నే కళ్ళ ముందుకొస్తోంది,” అన్నాడు.

“మీరు దాన్ని అన్నయ్య చేతిలో చూడలేదు కదూ?”

“ఎవరి చేతిలోనో చూశాను. దూరంగా. మసక. అప్పుడు నాకు అతని మీద కోపం, మసకలో కోపానికి అతనే కనిపించాడు.” అని కాసేపు దగ్గి, “అందుకేగా గోపురం కడుతున్నా. దేవుడికి ఇంత రాయి ఇస్తే ఒక్క మాట వదిలెయ్యడా?” అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. “ఆ ఒక్క మాట చర్చిలో చెప్పండి. వదిన చీలిక ఇస్తుంది. మీ ద్వారం, మీ సమాధి, అన్నీ మీకొస్తాయి.”

అతను నవ్వాడు వదినా. “గోపురానికి కన్నం పడితే నిలబడుతుంది ఫాదర్. పేరుకి కన్నం పడితే నిలబడదు. మీ అన్న ఎలాగూ పోయాడు. నేనింకా ఊళ్ళో తిరగాలి,” అన్నాడు.

దాన్ని పాపాల ఒప్పుకోలుగా చెప్పాడేమో, పాదిరిగా నేను బయట పెట్టకూడదేమో అని వారాలపాటు మథనపడ్డాను. కాదు. మోకాళ్ళ మీద లేడు, పశ్చాత్తాపం లేదు, చేతిలో చేప రొట్టె ఉంది. అందుకే న్యాయస్థానంలో చెప్పాను కూడా. ‘తాగిన మాట, మరో సాక్షి లేడు, నువ్వు తమ్ముడివి’ అన్నారు.

ఇన్నాళ్ళూ అతన్ని క్షమించమని మీకు చెప్పాను. ఇక చెప్పను. చీలిక ఇవ్వమని కూడా అడగను. నాకే ఇప్పుడు నా కోసం ప్రార్థన చేసేవాళ్ళు కావాలి.

గెర్వాస్


హాక్స్‌లింగ్
మూడో చలికాలం, క్రిస్మస్‌కి ముందు

గెర్వాస్,

నీ మీద కోపం పోయింది. వంటమనిషి మీదకి మళ్ళించాను, ఆవిడకి అలవాటే.

క్రేక్ పోయాడు. గంటల అంతస్తు వరకే లేచింది గోపురం, పైన గడ్డి కప్పి ఉంది. శిఖరం చూడలేదు. చివరి వారం నన్ను రమ్మని కబురు పంపాడు. ఏదో చెప్పాలట, నాకొక్కదానికే, తలుపు మూసుకుని. “నాకు తెలిసిన సంగతే నాకు చెప్పడానికి ఎందుకంత శ్రమ? ఊరికి చెప్పమను. మంచం ఎత్తి చర్చికి మోసుకురావడానికి నేనే మనుషుల్ని పెడతా,” అని చెప్పి పంపాను. మంచం రాలేదు.

నన్ను రాయి అనుకుంటావేమో. అనుకో. తలుపు చాటున క్షమాపణ తీసుకుని ఇంటికొస్తే, రీనల్డ్‌కి దాన్ని ఏ చెవిలో చెప్పను?

‘నా గోపురం కింద నన్ను పాతిపెట్టండి’ అని ఎప్పుడో వీలునామా రాయించాడు. అప్పుడు అక్కడ పాలరాతి సమాధి కదా ఉండాల్సింది. కొడుకు లాంబర్ట్ అక్షరం తప్పకూడదని, దారి మధ్యలో కంకర తవ్వి అక్కడే పెట్టాడు. పైన బల్లపరుపు బండ. సమాధి లేపితే సిలువ పట్టుకున్నవాడు తట్టుకుని పడతాడుగా.

అయిపోయాక నేను చెప్పులు కుట్టేవాడి దగ్గరకి వెళ్ళాను. బురదలో వేసుకునే చెక్క పావుకోళ్ళు కొత్త జత చేయించాను. “ఎంత మందం?” అన్నాడు. “నీ దగ్గరున్న అన్నిటికంటే మందం,” అన్నాను. ఇన్నేళ్ళుగా ఊరేగింపులో నడవలేదు కదా, ఇప్పుడు ప్రతి ఆదివారం నడుస్తున్నాను. రాతి కప్పు కింద చెక్క చప్పుడు ఎంత బాగా మోగుతుందో! ఆ బండ మీదకి వచ్చేసరికి నా నడక కొంచెం నెమ్మదిస్తుంది. ఫాదర్ పియర్స్ వెనక్కి తిరిగి చూస్తాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

అయినా ఒక్క విషయం చెప్పాలి. తొక్కి అవతలికి వస్తే, ఎండ పడే చోట, కంచె మీదుగా నీ అన్నయ్య కనిపిస్తాడు. అతను బయట. క్రేక్ లోపల. ఎంత తొక్కినా ఇది మాత్రం మారడం లేదు గెర్వాస్. అప్పుడు ఏడుపొస్తుంది.

అవిస్


నార్విచ్
క్రేక్ పోయిన రెండో ఏడు, పెంతెకోస్తుకి ముందు

వదినా,

గోపురం పూర్తయిందనీ, దీవించడానికి బిషప్ వస్తున్నారనీ మీరు వినే ఉంటారు. దీవించిన నీళ్ళ బిందె మోసే పని నేను అడిగి తీసుకున్నాను.

బిషప్ గారు కొత్త గోడలన్నిటి మీదా బయటి నుంచి నీళ్ళు చల్లాలి. ముందు ఉత్తరం, తర్వాత పడమర, తర్వాత దక్షిణం, ఆఖర్న గోపురం లోపలి నేల. పడమటి గోడకి చల్లాలంటే మీ చీలికలోకి రాక తప్పదు. ఆయన మన మీద ఏ ప్రమాణమూ చెయ్యలేదు. ఆయన కోసం, బిందె పట్టుకున్న నా కోసం, కంచె తియ్యండి. అమ్మనక్కర్లేదు, ఇవ్వనక్కర్లేదు. అరపూట తెరిచి పెట్టండి, చాలు.

ఎందుకని అడక్కండి.

గెర్వాస్


హాక్స్‌లింగ్
పెంతెకోస్తు వారం

మరిదికి,

నువ్వు బిషప్‌తో బండెక్కి వెళ్ళిపోయావు, ఒక్క మాటకి చిక్కలేదు. కాబట్టి ఇక్కడ జరిగింది నేను చూసినట్టుగా రాస్తాను, తప్పుంటే దిద్దు.

కంచె తీశాను. బాతుల్ని కట్టేశాను. బిషప్ వణుకుతూ వచ్చాడు, ఆ రోజు ఈదురుగాలి కదా. కొమ్మ ముంచి గోడ మీద చల్లాడు. ‘వైమండ్ క్రేక్ ఆత్మ కోసం’ అన్న అక్షరాల మీద నాలుగు చుక్కలు పడ్డాయి. ఆయన వెనక నువ్వు, రెండు చేతులా నిండు బిందెతో. నీ అన్నయ్య గుట్ట దగ్గరకి వచ్చేసరికి నీ కాలు జారింది.

గెర్వాస్, చిన్నప్పుడు నువ్వు ఆ మిల్లు గోడ మీద పరిగెత్తేవాడివని మీ అన్నయ్య చెప్పేవాడు. మేక కాళ్ళు నీవి. చదునుగా ఉన్న గడ్డి మీద, ఎండిన గడ్డి మీద, నువ్వు జారావు. జారి, బిందె కింద పడెయ్యలేదు కూడా. బోర్లించావు. తల దగ్గర మొదలుపెట్టి కాళ్ళ దాకా. ఒక్క చుక్క పక్కకి పోలేదు. చర్చి మట్టి గటగటా తాగేసింది. నీ పెదాలు కదిలాయి. ఆ రోజు గట్టిగా చెప్పలేకపోయిన ప్రార్థనే అనుకుంటాను.

దక్షిణం గోడకి కొమ్మకి అంటిన తడితో సరిపెట్టారు. గోపురం లోపలికి వచ్చేసరికి అదీ లేదు. కొమ్మ దులిపితే ఆకు రాలింది. లాంబర్ట్ క్రేక్ కంగారుపడి బావి దగ్గరకి మనిషిని పరిగెత్తించాడు. బిషప్ అతని మీద అరిచిన అరుపు నువ్వూ విన్నావు.

“బావి నీళ్ళనుకున్నావా? ఉప్పు, బూడిద, ద్రాక్షసారా కలిపి పొద్దున్నుంచీ దీవిస్తే అయిన నీళ్ళవి! మళ్ళీ మొదలుపెట్టాలంటే చీకటి పడుతుంది. ఇది ఎటూ పాత ఆవరణేగా, దీవించిన నేలే.”

“కాదు దొరా,” అన్నాడు హ్యూ, అమాయకంగా. “ఆ నేలంతా తవ్వి తోలేశాం. ఇది కాలవ కంకర.”

“అయితే ఈసారి వచ్చినప్పుడు చూద్దాం,” అని బిషప్ భోజనానికి వెళ్ళిపోయాడు. ‘ఈసారి’ అంటే ఎప్పుడని ఫాదర్ పియర్స్‌ని అడిగాను. మన ఊరికి కిందటిసారి బిషప్ వచ్చింది వాళ్ళ తాతగారి కాలంలోనట.

అంటే ఇప్పుడు లోపలున్నవాడు బయట, బయటున్నవాడు లోపల. క్రేక్ తన సొంత కాలవ కంకరలో, ఉత్త నేలలో పడుకున్నాడు. పేరుకి కన్నం పడకూడదని ఆ ఒక్క మాట మింగాడు. ఊళ్ళో ఇప్పుడు ‘పాపం క్రేక్, దీవెన దక్కలేదు’ అంటున్నారు. ఆ ‘పాపం’ వినడానికి ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను. పావుకోళ్ళు విప్పి అటక మీద పెట్టేశాను. ఇక అక్కర్లేదు.

ఒక్కటి నిజం చెప్పు. నీళ్ళు మళ్ళీ దొరకవనీ, లోపలి నేల ఆఖర్నే వస్తుందనీ నీకు ముందే తెలుసా? నా నేల తెరిపించింది అన్నయ్య కోసమేనా, క్రేక్ కోసం కూడానా?

నీ వదిన,
అవిస్


నార్విచ్
త్రిత్వ ఆదివారం

వదినా,

బిందె జారవిడిచినందుకు బిషప్ గారు నాకు మూడు శుక్రవారాలు ఎండు రొట్టె, మంచినీళ్ళు శిక్ష వేశారు. మొదటిది నిన్నగాక మొన్న అయింది. క్రేక్ ఇంటి చేప రొట్టె కంటే బావుంది.

దీవెన బండెక్కి రాదని మీకొకసారి రాశాను. అది నిజమే. బిందెలో వస్తుంది.

ఇక మీరడిగినదానికి జవాబు. ముందే తెలుసా అంటారు. నేను ఇరవై ఏళ్ళుగా పాదిరిని వదినా.

గెర్వాస్